కంభం చెరువులో మామ స్నానం

తెల్లదొరల కాలం. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. కిరస్తానీ అయిన మా నాన్నను పెళ్ళాడి పుట్టింటికి దూరమైన అమ్మకు, ఇన్నేళ్ళకు కంభం దగ్గరున్న అన్న కబురు పెట్టాడు, పిల్లను తీసుకొని రమ్మని. అమ్మ కొత్త చీర కట్టుకుంది. మేం కంభంలో రైలు దిగేసరికి మామ బండి కట్టుకొని వచ్చాడు.

“ముందు చెరువు చూసి పోదాం పా” అంటూ నన్ను భుజానికెత్తుకున్నాడు. కట్ట మీద నడుస్తూ కొండలు చూపించాడు, బొరుగులు కొనిపెట్టాడు. అమ్మ చిన్నపిల్లలా నవ్వుతూనే ఉంది.

అంతలో మామ నన్ను దింపి, చెరువులో తలారా స్నానం చేశాడు. రొండిన దోపుకున్న నువ్వులు దోసిట్లో పోసుకొని నీళ్ళు వదిలాడు.

“ఎవురు చచ్చిపోయినారు మామా?” అని అడిగాను.

“మీ అమ్మ.”

“ఏందన్నా ఇది?” అంది అమ్మ.

“నాయన పోతా పోతా చెప్పినాడు, నీ కండ్లముందరే చెయ్యమని. ఇంక మా గడప తొక్కాకు.”

తాత పోయిన సంగతి అమ్మకు అప్పుడే తెలిసింది. మామ తడిబట్టలతోనే బండెక్కి వెళ్ళిపోయాడు. మేం స్టేషనుకు నడిచి వచ్చాం.

అమ్మ ఆ తర్వాత చాలా ఏళ్ళు బతికింది. ఆమె పోయిననాడు మామకు కబురు పంపుదామన్నారెవరో. అక్కర్లేదన్నాను. ఆయన స్నానం ఎప్పుడో అయిపోయింది.