నిలువున తొంభై ఆరు

భిలాయిలో మా ఖుర్సీపార్ తెలుగు ఇళ్లలో ఒంటి మీద సాగే బట్ట ఏదైనా బనీనే. లోపల తొడుక్కునేది బనీను, పైన తొడుక్కునేది రంగు బనీను, చలికి తొడుక్కునేది ఉన్ని బనీను. తొంభైల చివర్లో క్యాంప్ టూలో ఒక బట్టల వ్యాపారి దగ్గర దిగుమతి కాగితాలు రాసే గుమాస్తాగా చేరినప్పుడు నా దగ్గరున్న వస్త్రజ్ఞానం అంతే. నాన్నలాగే నేనూ ప్లాంటులోకి వెళ్తానని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఉక్కు నన్ను వద్దనుకుంది, ఉన్ని సరేనంది.

సేఠ్‌జీ విదేశాల నుంచి చలిబట్టలు తెప్పించడం అదే మొదటిసారి. ఆయన చేతిలో ఉన్న పర్మిట్ స్వెట్టర్లకు. పెట్టెలు విశాఖ రేవులో దిగాయి. రేవుకు పంపే పత్రంలో సరుకు పేరు రాసే గడి వచ్చింది. నేను రెండో ఆలోచన లేకుండా ఇంగ్లీషు అక్షరాల్లో ‘వూలెన్ బనియన్స్’ అని టైపు చేసి, ఎందుకైనా మంచిదని కింద గీత కూడా గీశాను.

వారం తిరక్కుండా కస్టమ్స్ నుంచి ఉత్తరం వచ్చింది. మీరు బనియన్ అన్నారు, పెట్టె తెరిస్తే కాలరుంది, మెడ నుంచి అంచు దాకా బొత్తాలున్నాయి. ఇది అల్లిన చొక్కానా, స్వెట్టరా? సెంటీమీటరుకు ఎన్ని అల్లికలున్నాయో లెక్కపెట్టి రాయండి. మేమూ లెక్కపెడతాం.

సేఠ్‌జీ ఉత్తరం చదివి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

“బేటా, స్వెట్టర్ అయితే మాల్ బయటికొస్తుంది. చొక్కా అయితే నా పర్మిట్ పనికిరాదు, మాల్ ఓడెక్కి వెనక్కి పోతుంది. దాంతోపాటు నువ్వూ.”

“నేను కూడా ఓడలోనా, సేఠ్‌జీ?”

“నీకు సైకిల్ ఉంది కదా.”

ఆయన నవ్వలేదు. రేపు పదకొండింటికల్లా జవాబు ఫ్యాక్స్‌లో వెళ్లాలన్నారు. ఆ సరుకులోదే నమూనాగా ముందే పోస్టులో వచ్చిన ఒక బట్టనీ, ఇటుకంత లావున్న సుంకాల పుస్తకాన్నీ నా చేతిలో పెట్టారు.

తలుపు పక్క స్టూలు మీద కూర్చుని ఆ పుస్తకం తెరిచాను. పొట్టకూటి కోసం తెరిచినవాణ్ని, కాసేపటికి ఆ సంగతే మరిచిపోయాను. అరవై ఒకటో అధ్యాయం అల్లిన బట్టలది, అరవై రెండోది నేత బట్టలది. మాకు నేతలంటే ప్లాంటు గేటు దగ్గర మైకు పట్టుకునేవాళ్లే. ఈ నేత మగ్గం మీదిది. ఎడమ అంచు కుడి అంచు మీదికి వచ్చి బొత్తాం పడితే మగవాళ్ల బట్ట, కుడి అంచు ఎడమ దాని మీదికి వస్తే ఆడవాళ్లది. తల వంచి నా చొక్కా చూసుకున్నాను. పుస్తకం చెప్పినట్టే ఉన్నాను. ఎనభై ఆరు సెంటీమీటర్లకు మించని పసివాళ్ల బట్టలకు వేరే గడి. ప్రపంచంలోని పసిపిల్లల్నందరినీ ఎవరో గోడకు నిలబెట్టి కొలిచినట్టు ఉంది. అదే స్వెట్టర్ల దగ్గరకొచ్చేసరికి ఆ పుస్తకానికి ఆడా మగా పట్టింపే లేదు. చలికి లేని పట్టింపు తనకెందుకు అనుకుంది కాబోలు.

నాకు కావలసిన వాక్యం ఒక మూల దొరికింది. పది సెంటీమీటర్ల చదరం తీసుకోవాలి. అడ్డంగానూ నిలువుగానూ సెంటీమీటరుకు సగటున పదిలోపు అల్లికలుంటే అది చొక్కా కాదు. అంటే చదరంలో రెండు వైపులా వందలోపు రావాలి.

బట్టను చెక్క మీద పరిచి, ముడతల్లేకుండా నాలుగు వైపులా గుండుసూదులు గుచ్చి, స్కేలు పెట్టి లెక్కపెట్టాను. అడ్డంగా డెబ్భైలోపే, బెంగ లేదు. నిలువున నూట మూడు. మళ్లీ లెక్కపెట్టాను, నూట ఒకటి. మూడోసారి నూట నాలుగు. ఎటు చూసినా చొక్కాయే. కథలు అల్లడం తప్ప మరో అల్లిక రానివాణ్ని, నా లెక్క నేనే నమ్మలేదు. సేఠ్‌జీతో చెప్పి, గుచ్చిన బట్టను చెక్కతో సహా, పుస్తకంతో సహా సైకిల్‌కు కట్టుకుని మధ్యాహ్నమే ఇంటిదారి పట్టాను.

మా ఇంటి వెనక లైన్లో పిన్ని ఉండేది. విజయనగరం వైపు మనిషి, వరుసకు పిన్ని. ఎలా వరుసో అడిగితే ‘భిలాయి వరుస’ అనేది. ఖుర్సీపార్‌లో సగం మంది పిల్లలకు ఆవిడ అల్లిన స్వెట్టర్లే. గుమ్మంలో కూర్చుని అల్లుతున్నదల్లా నా చేతిలోని చెక్క చూసి సూదులు ఆపింది.

“ఏట్రా, ఆ బట్టనలాగ సిలువేసీసేవు? ఏటి పాపం సేసిందది?”

సంగతంతా చెప్పాను. నిలువున నూట మూడు వచ్చిందనీ చెప్పాను.

“నువ్వు అడ్డంగా లాగీసి గుచ్చేవు. అల్లిక బట్ట అడ్డంగా సాగితే నిలువున ముడుసుకుంటాది. వరసలన్నీ దగ్గరకి జరిగిపోయి ఎక్కువ కనబడతాయి. అది లెక్క కాదు, దానికి పెట్టిన బాధ.”

గుండుసూదులన్నీ ఒక్కొక్కటే పీకి బట్టను చాప మీద వదిలేసింది. ముట్టుకోనివ్వలేదు. టీ పెట్టింది. మేము తాగుతుంటే బట్ట తనంతట తాను మెల్లగా సర్దుకోవడం నా కళ్లతో చూశాను. నిద్రలోంచి లేచి ఒళ్లు విరుచుకున్నట్టు ఒక అంచు కొంచెం కిందికి జారింది.

మా భిలాయిలో అల్లేవాళ్లు అల్లికను ఫందా అంటారు. హిందీలో ఉరికీ అదే మాట. ఆ మధ్యాహ్నం నాకు రెండర్థాలూ సరిపోయాయి.

పిన్ని స్కేలు ఆనించి, సన్న సూది మొనతో ఒక్కో ఫందానూ తాకుతూ, పదేసికి ఒక గుండుసూది గుచ్చుతూ వెళ్లింది. పెదాలు కదలడం లేదు. అడ్డంగా డెబ్భై రెండు. తర్వాత నిలువు. తొమ్మిదో గుండుసూది దగ్గర నేను ముందుకు వంగాను.

“తొంభై ఆరు,” అంది.

“పిన్నీ, వందలోపు కావాలని నేను చెప్పాను కదా, అందుకని...”

“నీకోసం నాలుగు ఫందాలు మింగీసేననుకున్నావేటి? కూకో.”

ఆ బట్ట వీపు మీద ఒక చోట, చేతి మీద ఒక చోట మళ్లీ లెక్కపెట్టింది. తొంభై ఆరు, తొంభై ఆరు. ఆ తర్వాత పుస్తకంలో ఏముందో చదవమంది. నేను ఇంగ్లీషు చూసి తెలుగులో చెబుతుంటే, అల్లుతూ వింది. నడుముకు దిగువన జేబులున్నా, అడుగున బిగింపు పట్టీ ఉన్నా చొక్కా కాదన్న చోట తలూపింది.

“ఇది రాసినోల్లలో ఒకరికైనా అల్లడం వొచ్చురా. లేకపోతే ఈ మాట తోచదు.”

ఎక్కడో ఏ దేశంలోనో సుంకాల కోసం రాసుకున్న వాక్యం, అక్షరమ్ముక్క ఇంగ్లీషు రాని మనిషి వేలికొనల మీద ముందే ఉంది. మధ్యలో గుమాస్తాననుకుని నేనున్నాను.

మర్నాడు పదకొండుకు ముందే జవాబు పంపాను. బనియన్ అన్నది నా తప్పు, అడ్డంగా డెబ్భై రెండు, నిలువున తొంభై ఆరు, బట్టను సాగదీయకుండా లెక్కపెట్టినవి అని రాశాను. సంతకం చేసేముందు సేఠ్‌జీ అడిగారు.

“పక్కా?”

“పక్కా, సేఠ్‌జీ. నేను లెక్కపెట్టలేదు.”

ఆయన నన్నొకసారి చూసి సంతకం పెట్టారు.

ఎనిమిది రోజులు. ఫ్యాక్స్ మెషిన్ దగ్గినప్పుడల్లా నేను లేచి నిలబడేవాణ్ని. తొమ్మిదో రోజు కాగితం వచ్చింది. రేవులో వాళ్లు విడిగా లెక్కపెట్టారు. అడ్డంగా డెబ్భై రెండు, నిలువున తొంభై ఆరు. స్వెట్టరే, విడుదల చేస్తున్నాం. సేఠ్‌జీ తర్వాత రాబోయే సరుకు ఫైలు నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు.

సాయంత్రం ఆ కాగితం తీసుకుని పిన్ని గుమ్మం దగ్గర నిలబడి చదివి వినిపించాను. నా ఉద్యోగం నిలిచిందని ఆవిడ సంతోషిస్తుందనుకున్నాను. ఆవిడ అంకెలు రెండూ మరోసారి చదివించుకుంది.

“పర్లేదు. ఆ ఆపీసరు బట్టని లాగకుండానే లెక్కెట్టేడు,” అంది.