డెల్బర్ట్ గడ్డం, పదిహేడో పేజీ

పోయిన వేసవినాటికి, గడ్డం లేని డెల్బర్ట్ స్ట్రౌడ్‌ని చూసినవాళ్లం మా కాపర్ ఫ్లాట్ ఊళ్లో ముగ్గురమో నలుగురమో మిగిలాం. అప్పటికి నలభై రెండేళ్లుగా అది ఛాతీ మీద వేలాడుతూనే ఉంది. బావి మోటార్లు బాగుచేయడం అతని జీవనం. ఎక్కడైనా నిప్పంటుకుందంటే చేతిలో పని పడేసి ఫైరింజన్ ఎక్కడం అతని ప్రాణం. డిసెంబరు వస్తే అదే ఇంజను మీద క్రిస్మస్ తాత. కింది ఊళ్ల తాతలవి దూది గడ్డాలనీ, మా తాతది అసలుదనీ పిల్లలు గొప్పలు పోయేవారు.

ఆ గడ్డానికి ఎసరు పెట్టింది నేనే.

మా స్టేషన్‌లో జీతగాళ్లు ఎప్పుడూ లేరు. అందరూ ఊరి కోసం ఊరికే వచ్చేవాళ్లే. ఒకప్పుడు ఇరవై మంది. పోయిన వేసవికి ఐదుగురు, వాళ్లలో అందరికన్నా చిన్నవాడికి యాభై నాలుగు. జులైలో ఒక మంగళవారం మధ్యాహ్నం పికెట్ వాళ్ల పశువుల కొట్టం అంటుకుంటే ఇంజను తీసేవాడు లేడు. నలుగురూ లోయలో ఉద్యోగాల్లో ఉన్నారు, డెల్బర్ట్ ఎవరి బావిలోంచో వంద అడుగుల పైపు సగం పైకి లాగి ఉన్నాడు. అది వదిలించుకుని వచ్చేసరికి కొట్టం బూడిదైపోయింది. దాంతో ఊరి బోర్డు రాష్ట్ర అగ్నిమాపక శాఖతో ఒప్పందానికి దిగింది. ఊరు డబ్బు కడుతుంది, శాఖ మనుషులు ఏడాది పొడవునా మా స్టేషన్‌లో ఉంటారు. మావాళ్లు కావాలంటే కొనసాగవచ్చు, కానీ శాఖ నిబంధనల ప్రకారమే.

ఒప్పందం ఇరవై రెండు పేజీలు. సమావేశంలో బోర్డు పెద్దలు సంతకం ఎక్కడ పెట్టాలో వెతుక్కుంటుంటే, నేను ముందు బెంచీలో కూర్చుని ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదువుకుంటూ పోయాను.

"ఇదిగో కెప్టెన్ గారూ, పదిహేడో పేజీలో మొహాలు నున్నగా గీసుకోవాలని ఉంది. ఈ గొడవేమిటి?" అన్నాను.

కెప్టెన్ ఇబారా అని, శాఖ పంపిన అమ్మాయి. మర్యాదస్తురాలు. "పొగలోకి వెళ్లేవాళ్లు మాస్కు పెట్టుకోవాలండీ. గడ్డం ఉంటే అది చర్మానికి అతకదు. ఈ విషయంలో ఎవరికీ మినహాయింపు లేదు. శనివారం పరీక్ష పెడతాం."

హాలంతా డెల్బర్ట్ వైపు తిరిగింది.

"డెల్బర్టూ, కత్తెర సరిపోతుందా, గొర్రెల బొచ్చు తీసే మిషన్ తెమ్మంటావా?" అని కిరాణా కొట్టు రస్ అరిచాడు. అందరూ నవ్వారు. డెల్బర్ట్ టోపీ తీసుకుని వెళ్లిపోయాడు.

గురువారం పోస్టాఫీసు దగ్గర పట్టుకున్నాను.

"ఏరా, వెంట్రుకలే కదా, గీసి పారెయ్యి. నువ్వు లేకపోతే ఇంజను ఎవరు తోల్తారు?"

"వాళ్లకి తోలేవాళ్లున్నార్లే."

"మరి నువ్వేం చేస్తావు, ఇంట్లో కూర్చుని?"

గడ్డం మీద చెయ్యి వేసుకున్నాడు. "దీని కింద ఎవరున్నారో నీకు తెలుసు కదా వెర్నా."

తెలుసు. నాకు ముప్పై ఏళ్లప్పుడు అతని తండ్రి లైల్, గాలి రోజున వద్దన్నా వినకుండా పెరట్లో ఎండుగడ్డికి నిప్పు పెట్టాడు. మిల్ వీధిలో పదకొండు ఇళ్లు పోయాయి. అందులో ఒకటి మా అమ్మది. మనుషులు దక్కారు, అంతే. లైల్ ఊరొదిలి పోయాడు, పందొమ్మిదేళ్ల డెల్బర్ట్ ఉండిపోయాడు. ఒకరోజు ఆ కుర్రాడు కొట్లో పిండి కొంటుంటే నేను పక్కావిడతో, వినపడేలాగే, "అచ్చం ఆ తండ్రి మొహమే. రోజూ దీన్ని చూస్తూ ఈ ఊళ్లో ఎలా బతకాలో" అన్నానట.

ఇప్పుడు అతను చెబితే తప్ప, అన్నానని నాకు గుర్తే లేదు. అతను ఆ రోజు నుంచి కత్తి ముట్టలేదు. వసంతానికల్లా ఫైర్ స్టేషన్‌లో పేరు రాయించుకున్నాడు.

"నిన్ను తప్పుపట్టడం లేదు. అద్దంలో చూసుకున్నాను, నువ్వన్నది నిజమే," అన్నాడు, రేపు వాన పడుతుందన్నంత మామూలుగా.

ఆ రోజు స్టాంపులు కూడా కొనకుండా ఇంటికొచ్చాను. శుక్రవారం పొద్దున అతని షెడ్డుకి వెళ్లాను.

"ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా."

"నలభై రెండేళ్లకా?"

"అంతకు ముందు తీరిక దొరకలేదు. విను. రేపు నేనక్కడే ఉంటా. నీ మొహం అందరికన్నా ముందు నేనే చూస్తా. ఆ తర్వాత ఎవడైనా నోరు తెరిస్తే నాతో తేల్చుకోవాలి."

అతను మోటారు బోల్టులు విప్పుకుంటూనే ఉన్నాడు.

శనివారం స్టేషన్‌లో మిగతా నలుగురి పరీక్షా అయిపోయింది. పది దాటింది. నేను తెచ్చిన యాపిల్ కేకు కూడా అయిపోవచ్చింది. కెప్టెన్ పెట్టె మూస్తుండగా బయట డెల్బర్ట్ ట్రక్కు ఆగింది.

గుమ్మంలో నిలబడ్డాడు. నుదురు ఎండకు కమిలి ఎర్రగా, చెంపల కింద పిండిలా తెల్లగా ఉంది. ఆ దవడ లైల్‌దే, ఆ పెదవీ లైల్‌దే. కాలిపోయిన మా అమ్మ ఇల్లు గుర్తొచ్చింది, అబద్ధమెందుకు. రస్ కళ్లు దించుకున్నాడు. కానీ లైల్ ఎన్నడూ ఒకరి గుమ్మంలో ఇలా బెదురుతూ నిలబడినవాడు కాదు.

దగ్గరికెళ్లి చెంప పట్టుకున్నాను. "కోసుకున్నావు కదరా మొద్దూ. కొత్త బ్లేడు కొనుక్కోకూడదూ?" అని నడుముకి కట్టుకున్న ఏప్రన్‌తో రక్తం తుడిచాను.

"చలేస్తోంది వెర్నా," అన్నాడు.

"వెయ్యదూ మరి!"

కెప్టెన్ మాస్కు బిగించి, తల మీద సంచీలాంటిది కప్పి, లోపలికి చేదు మందు చల్లింది. నోటికి చేదు తగిలితే మాస్కు అతకనట్టు. అతన్ని తల తిప్పమంది, వంగమంది, ఒక పేరా ఇచ్చి గట్టిగా చదవమంది. చేదు తగల్లేదన్నాడు. ఆమె కాగితం మీద టిక్కు పెట్టింది.

డిసెంబరులో క్రిస్మస్ తాతకి దూది గడ్డం నేనే కుట్టాను. ఇంజను మిల్ వీధి మలుపు తిరిగేటప్పుడు దూది నోట్లోకి పోతోందని దాన్ని మెడ కిందికి లాగేసి, ఆ మొహంతోనే చెయ్యి ఊపుకుంటూ పోయాడు. పిల్లలెవరూ పట్టించుకోలేదు. వాళ్ల చూపంతా మిఠాయి సంచీ మీదే ఉంది.