ఎర్ర టేపు లేని ‘ఆర్’

తాళంచెవి కోసం చేతిసంచిలో వెతికినప్పుడల్లా వేలికి చల్లగా, బరువుగా ఒక సీసపు ముక్క తగులుతుంది. అది ఇంగ్లీషు ‘ఆర్’ అక్షరం. తాకగానే సుశీల మేడం గొంతు వినిపిస్తుంది.

నారాయణగూడ మార్కెట్ వెనుక ఎక్స్-రే సెంటర్‌లో మేడం ఫోటోలు తీసేవారు. నేను గదులు ఊడ్చి, రోగులను బల్ల మీద పడుకోబెట్టేదాన్ని. వాళ్ల కుడివైపు ‘ఆర్’, ఎడమవైపు ‘ఎల్’ పెట్టాలి. ఫోటోలో అవి ఎముకల పక్కన తెల్లగా పడతాయి. అప్పటికి నలభై దాటినా నాకు అక్షరం రాదు. అందుకని కుడిదానికి ఎర్ర టేపు అంటించుకున్నాను. అది కనిపెట్టి మేడం నవ్వారు. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం తిన్నాక ఆ రెండు ముక్కలతోనే నాకు చదువు మొదలుపెట్టారు.

ఒకసారి మ్యూజియంవాళ్లు తమ దగ్గరున్న మమ్మీని, అంటే వేల ఏళ్ల కిందట గుడ్డలు చుట్టి దాచిన ఒక స్త్రీ శరీరాన్ని, విప్పకుండా లోపల చూడాలని మేడంను పిలిచారు. చిన్న మిషను ఆటోలో పెట్టుకుని బయలుదేరాం.

“శవాన్ని ముట్టాల్నా మేడం?”

“ముట్టుడు వాళ్లు చూసుకుంటరు. మన పేషెంట్లకన్న నయమే, కదలదు.”

అక్కడ అక్షరాల డబ్బా తెరిస్తే కుడిదాని మీద ఎర్ర టేపు లేదు.

“నేనే పీకిన. ఎన్నాళ్లు రంగు చూస్తవు? పెట్టు.”

“తప్పయితే?”

“వేరేటోళ్లయితే ఇది నా కుడి చెయ్యి అని వాళ్లే అంటరు. ఈమె అనదు. నువ్వు ఏది పెడితే అదే రాత.”

నేను తప్పు పెడితే ఆమె కుడి ఎడమలు ఎప్పటికీ తారుమారు. ముక్కలను వేలితో తడిమాను. ఒకదానికి నిలువు గీత, కింద అడ్డగీత. రెండోదానికి పైన పొట్ట, కింద చాపిన కాలు. కాలున్నదాన్ని ఆమె కుడిచేతి పక్కన పెట్టి, అలవాటుకొద్దీ గట్టిగా అన్నాను: “ఊపిరి బిగపట్టమ్మా.”

మ్యూజియంవాళ్లు తలలు తిప్పి నన్ను చూశారు.

“ఎప్పుడో బిగపట్టింది,” అన్నారు మేడం. “నువ్వు జర పక్కకు జరుగు.”

మ్యూజియం అధికారి కూడా నవ్వేశారు. కంప్యూటర్ తెర మీద మోచేతి పైన ఎన్నడో విరిగి అతుక్కున్న ఎముక తేలింది.

“ఇది ఏ చెయ్యి?” అని అడిగారాయన.

మేడం నా వైపు చూశారు.

“కుడి,” అన్నాను తెర మీది అక్షరాన్ని చదివి. ఆయన రాసుకున్నారు.

రిటైరైన రోజు మేడం ఆ ‘ఆర్’ నాకిచ్చి, ‘ఎల్’ తాను ఉంచుకున్నారు. ఇప్పుడు ఆదివారాలు చిక్కడపల్లి నుంచి అశోక్ నగర్‌లో వాళ్లింటికి నడిచి వెళ్తాను. నేను రాసిన కాగితాల్లో ఆమె తప్పులు దిద్దుతారు, ఇదీ దిద్దుతారు. సెంటర్‌లో ఇప్పుడు కొత్త ముక్కలు వచ్చాయి; అయినా, రోగి తన కుడి చెయ్యి తానే చాపినా, అక్షరాన్ని ఒకసారి వేలితో తడిమి చూసే పెడతాను.