గురకకు సిగ్గుపడిన మా మేనత్త

మెట్‌పల్లి నుంచి పొద్దున్నే ఫోన్ వచ్చింది. మేనత్త అల్లుడు. "అక్కా, అత్తమ్మ లేస్తలేదు. ఒళ్లంత సల్లగైంది." వెనకాల ఆమె కూతురి ఏడుపు, పసిబిడ్డ ఏడుపు కలిసి వినిపించాయి.

కోరుట్లలో బీడీలు చుట్టి ఆ ఒక్క కూతురిని పెంచింది మా మేనత్త. ఆమెకు గురక. ఆడమనిషికి గురకేమిటని కొత్తకోడలిగా ఉన్నప్పుడు అత్తారింట్లో నవ్వారట. ఆ తర్వాత ఏ పెళ్లికి వెళ్లినా చీకటి పడకముందే బస్సెక్కేది. జగిత్యాలలో మా ఇంట్లోనూ ఒక్క రాత్రి పడుకోలేదు. పగలు మాత్రం బీడీల చాట ఒళ్లో పెట్టుకునే కునికేది.

నిరుడు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. గురక పెడతావా అని డాక్టర్ అడిగితే "లేదు సారూ" అంది. బయట కుర్చీలో కూర్చోగానే నిద్రపోయింది. ఆ గురక విని ఆయనే లేచి వచ్చాడు. పరీక్ష చేయిస్తే నిద్రలో మాటిమాటికీ ఊపిరి ఆగుతోందని తేలింది. అలా ఆగినప్పుడల్లా గుండె అలసిపోతుందని, రక్తనాళాల లోపల వాపు పెరుగుతుందని చెప్పాడు.

"వాపంటె కాళ్లకు గద సారూ, కండ్లకు కనబడకుంట గూడ అస్తదా?" అని అడిగింది.

పొడుగు గొట్టంతో ముక్కుకు తొడుక్కుని పడుకునే గాలిమిషన్ ఇచ్చారు. జగిత్యాలలో గుండెజబ్బు వాళ్లతో కసరత్తు చేయించే చోటికి నేనే తీసుకెళ్లేదాన్ని. చీర కొంగు నడుముకు దోపి ట్రెడ్‌మిల్ ఎక్కేది. "ఎంత నడిచినా కోరుట్ల అస్తలేదేందే బిడ్డా!" అంటే అక్కడున్న వాళ్లంతా నవ్వేవారు. కొన్నాళ్లకు మా ఇంటి మెట్లు ఆగకుండా ఎక్కింది. బతికిందనుకున్నాను.

"నడిచేటందుకు సిగ్గు లేదు నాకు, పండుకునేటందుకే సిగ్గు," అనేది.

గుండెజబ్బు తల్లికి శ్రమ ఎందుకని కూతురు పురుడు అత్తారింట్లోనే పోసుకుంది. మనవరాలు పుట్టిందని మేనత్త మెట్‌పల్లి పోయింది. మిషన్ మాత్రం కోరుట్లలోనే వదిలేసింది. తెప్పిస్తానని కూతురు బతిమాలిందట.

"వియ్యపురాలి ముందల గా తొండం ఏసుకొని పండుకోవాల్నా? నాలుగు దినాలే గదనే."

ఆ నాలుగు దినాలు కూడా గడవలేదు.

డాక్టర్ దగ్గరికి వెళ్లి అడిగాను. "మిషన్ పెట్టుకుంటే బతికేదా సార్?" "పెట్టుకోకపోవడం వల్లే అని చెప్పలేనమ్మా, కాదనీ చెప్పలేను," అన్నాడు. ఆ మాట పట్టుకుని ఎటు పోవాలో నాకు తెలియడం లేదు. గురక పెడితే నవ్వేవాళ్లెవరూ ఆ ఇంట్లో లేరు. వియ్యపురాలైతే, "నాకు గూడ గురకస్తది, ఒక్క మాట చెప్తె అయిపోతుండె గద," అని గోడకు తల కొట్టుకుంది.

నిన్న మళ్లీ మెట్‌పల్లి వెళ్లాను. పసిబిడ్డ నిద్రపోతోంది. తల్లి పక్కనే కూర్చుని బిడ్డ ముక్కు కింద వేలు పెట్టి చూస్తోంది. "మంచిగనే ఉన్నదే, నువ్వు జరంత పండుకో," అని నేను చెయ్యి పట్టుకుని తీశాను. సరేనంది. నేను అటు తిరగగానే మళ్లీ వేలు పెట్టింది.