నిప్పు లేని ఆరు మంత్రాలు

ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు రిపేర్లక్క కుట్టుమిషన్ మీద గుడ్డ కప్పి, కత్తిరింపు బల్ల మీదున్న పదకొండు ప్యాంట్లను బెంచీ మీదికి మార్చింది. కొత్త బట్టలు కుట్టదు. జిప్పులు మారుస్తుంది, నడుములు వదులు చేస్తుంది. అందుకే ఆ పేరు. వారానికి ఒక్కపూట మాత్రం ఆ బల్ల మీద కోటలు లేస్తాయి.

కాగితాలతో, పాచికలతో ఆడే ఆట అది. అక్క కథ నడుపుతుంది, మిగిలినవాళ్లు అందులో పాత్రలు, ఒక్కో పాత్ర వివరాలకి ఒక్కో కాగితం. పాత్ర చచ్చిపోతే దాని కాగితం చింపేయాలి. అది ఆమె పెట్టిన నియమమే. మంగలి ఆడే కత్తివీరుడికి, నర్సు ఆడే విలుకత్తెకి, లెక్కల టీచరు ఆడే దొంగకి ఏడాదిన్నర వయసు. వాళ్ల మాంత్రికుడు పోయిన నెల ఊబిలో పోయాడు.

ఆ ఖాళీలోకి అక్క సొంత అన్నయ్యే వచ్చాడు. ముప్పై ఏళ్లు ఫైరింజన్ మీద పనిచేసి ఈ మధ్యే రిటైరయ్యాడు.

కొత్త మాంత్రికుడికి ఆరు మంత్రాలే ఇస్తారు. కొత్తవాళ్లంతా ఆరూ నిప్పువే అడుగుతారు. నలభై ఒక్కమందికి నేర్పిన అక్క ఎవరికైనా చెప్పేది ఒకటే: "ఆరూ సూదులే పెట్టుకుంటే దారమెక్కడ పెడతావు? ఒకటి కాల్చడానికి, మిగతావి బతకడానికి." ఆమె ఇచ్చే జెరాక్స్ కాగితంలో మొదటి వాక్యం: నిప్పు ఒకటి తప్పనిసరి.

అన్నయ్య ఎంచుకున్నవి వెలుగు, తాళం తీయడం, గాలి తోలడం, డాలు, నిద్రపుచ్చడం, పడేవాళ్లను మెల్లగా దించడం.

"నిప్పేదీ?" అంది అక్క.

"ముప్పై ఏళ్లు ఆర్పిన చేత్తో ఇప్పుడు అంటించమంటావా?"

"ఆటే కదా అన్నయ్యా!"

"ఆటైతే మాత్రం?"

మంగలి తల పట్టుకున్నాడు. "బందిపోట్లు మీద పడితే జోల పాడతారా పెద్దాయనా? మా కాగితాలు చింపించడానికే వచ్చినట్టున్నారు."

"మీ అన్న కాబట్టి ఊరుకుంటున్నావు కదక్కా?" అంది నర్సు.

ఆ మాట తగిలింది. ఆనాటి కథ అక్క రెండు వారాల కిందటే రాసిపెట్టుకుంది. "ఎవరి మంత్రాలు వాళ్లిష్టం," అంది. "కథ మాత్రం ఎవరి కోసమూ మారదు."

నాలుగయ్యేసరికి నలుగురూ ఒక బురుజు మీద చిక్కుకున్నారు. కింద బందిపోట్లు నూనె పీపాలు అంటించారు. మెట్లు కూలిపోయాయి.

అన్నయ్య కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. "అందరూ వంగండి, పొగ పైనుంటుంది. గాలిని పొగ మీదికే తోలుతున్నా, మంట మీదికి కాదు. నర్సమ్మా, ముందు నువ్వు. కిందికి చూడకు, నన్ను చూడు. మెల్లగా దించుతా, దూకు!"

నర్సు నిజంగానే కుర్చీలోంచి లేచింది. తర్వాత టీచరు. కవచం బరువుతో మంగలి.

"నువ్వు?" అంది అక్క.

"ఆఖర్న. ఎప్పుడూ అంతేగా."

ముప్పై ఏళ్లలో అన్నయ్య పని చేస్తుండగా ఆమె చూడటం అదే మొదటిసారి. అయినా ఇరవై ముఖాల పాచిక చేతికిచ్చి, "పదిహేనుకి తగ్గితే కాగితం చింపేస్తా," అంది.

పదహారు పడింది.

కింద బందిపోట్లు కత్తులు దూశారు. మంగలి బల్ల చరిచాడు. "పాడండి పెద్దాయనా, జోల పాడండి!"

ఆ సాయంత్రం అక్క తన జెరాక్స్ కాగితంలో మొదటి వాక్యం కొట్టేసింది. వచ్చే ఆదివారం నలభై మూడో మనిషి నేర్చుకోవడానికి వస్తోంది, బస్ కండక్టరు. సొరుగులో చిరగని కాగితాలు నాలుగు.