కోళ్ళ మేష్టారూ, మూడు కేకలూ

ముందుగా ఒక మాటండి. నేను ఐదో తరగతి అత్తెసరు మార్కులతో గట్టెక్కినదాన్ని. ఒత్తులూ దీర్ఘాలూ నాకు ఇప్పటికీ కుదరవు. ఇలా కూర్చుని రాయడం ఇదే మొదలు. తప్పులుంటాయి, ఏమీ అనుకోకండి.

మాది రాజమండ్రికి దిగువన గోదారి ఒడ్డు. మా ఆయన రేవులో పడవ నడిపేవోరు. నేను గట్టు మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేదాన్ని. మా రేవులో ఏ కబురైనా మూడుసార్లు అరుస్తారండి. "పడవొత్తందీ... పడవొత్తందీ... పడవొత్తందీ..." అని. గాలి ఒకటి పట్టుకుపోయినా మిగతావి అవతలి గట్టుకి చేరతాయి.

ఆ పడవెక్కి రోజూ కాలేజీకెళ్ళే లెక్కల మేష్టారు ఒకాయన ఉండేవోరు. ఎప్పుడు చూసినా కాగితాల మీద చుక్కలు పెట్టుకుంటూ ఉండేవోరు. ఏంటండీ అది అని ఎవరో అడిగితే, "కోడింగు మీద పరిశోధన" అన్నారంట. మావాళ్ళకి అందులో కోడి ఒక్కటే వినపడింది. భీమవరం పక్క కోడిపందేలకెళ్ళేవాళ్ళు చుట్టూ మూగేశారు.

"మేష్టారండీ, ఈసారి డేగ పుంజు గెలుద్దాండీ, కాకి పుంజు గెలుద్దాండీ?"

"నాకు కోళ్ళ సంగతి తెలీదయ్యా బాబూ."

"ఎందుకు చెప్తారులెండి! గెలిచే పుంజు మీద మీరొక్కరే పందెం కాద్దామని."

అప్పట్నుంచీ ఆయన కోళ్ళ మేష్టారే. ఆయనా ఆ పేరుకి నవ్వుతూ పలికేవోరు.

ఒకసారి మా ఆయన్ని అడిగారు, "మూడుసార్లు ఎందుకయ్యా అరవడం?"

"ఒకటి గోదారికండి, ఒకటి గాలికండి, ఒకటి మనిషికండి."

మేష్టారు చేతిలో కాగితాలు మడిచారు. "నా పరిశోధనంతా ఇదేనయ్యా. మూడుసార్లు అరవకుండా, అంతకంటే తక్కువ అరుపుతోనే మాట చెడకుండా చేర్చడం" అన్నారు.

ఇంకోరోజు సాయంత్రం పడవ రావడం ఆలస్యమైంది. నీళ్ళూ ఆకాశం ఒకే రంగులో ఉన్నాయి. మేష్టారు నా పక్కనే ఇసకలో ఏడు చుక్కలు పెట్టి, వాటిని గీతలతో కలిపారు. ఒక్కో గీత మీద మూడేసి చుక్కలు. ఏ రెండు చుక్కలు పట్టుకున్నా వాటిని కలిపే గీత ఒక్కటే. ఆరు గీతలు తిన్నగా వచ్చాయండి, ఏడోది గుండ్రంగా తిరిగింది.

"ఇదేం గీతండీ, చక్రంలాగా?"

"ఈ చుక్కలు ఏటి మధ్య లంకలు, ఈ లోకంలో ఏడే ఉన్నాయనుకో అమ్మా. పడవ తిన్నగా వెళ్ళినా తిరిగి వెళ్ళినా దారి దారే కదా."

ఇంతలో అల వచ్చి ఒక గీత తుడిచేసింది. ఏది పోయిందో చెప్పమన్నారు. నేను చూసి, ఈ మూడింటినీ కలిపేదండి అన్నాను.

"ఎలా చెప్పావమ్మా?"

"తెగిన పోగేదో మిగిలిన ముళ్ళే చెప్తాయి కదండీ."

ఆయన ఆ మాట పుస్తకంలో రాసుకున్నారు. ఆ తర్వాత చాన్నాళ్ళు వల కుడుతుంటే ఆ ఏడు లంకలే కనపడేవి. గోదారి అక్కడితో అయిపోయినట్టు, ఎటెళ్ళినా ఎవరో ఒకరు ఎదురొచ్చేటట్టు ఉండేది.

కొన్నేళ్ళకి మా ఆయన జ్వరంతో పోయారు. ఫొటో ఉందిగానీ, ఆయన గొంతు ఒక్కచోటే మిగిలిందండి. మా ఆడపడుచు పెళ్ళి సీడీలో. పెళ్ళివారి పడవ రేవు చేరేటప్పుడు ఆయన కేకేశారు. ఎవరూ తియ్యరు కదాని ఆ సీడీని వలకి కట్టే సీసం గుళ్ళ పెట్టెలో దాచాను. నా బుద్ధి అలా ఏడిసింది. తీసి చూస్తే నిండా గీతలు.

వీడియో షాపతను వెలుతురుకి పెట్టి చూశాడు. "ఇంక ఆడదమ్మా. పిట్టలు రాకుండా చేలో కట్టుకో" అన్నాడు.

ఏడుస్తూ మేష్టారింటికెళ్ళాను. అప్పటికి ఆయన రిటైరయ్యారు. ఆయన పెట్టిన చుక్కల మీద ఎక్కడెక్కడి దేశాలవాళ్ళో కొత్త లెక్కలు కడుతున్నారంట, బల్ల నిండా ఉత్తరాలు. పాలవాడికి మాత్రం ఇంకా కోళ్ళ మేష్టారేనని మేష్టారి భార్య నవ్వారు.

మేష్టారు సీడీని మెత్తటి గుడ్డతో మధ్య నుంచి అంచుకి తుడిచారు. "ఇందులో మాటలతోపాటు ఇంకొన్ని అంకెలు దాస్తారమ్మా. గీత పడి కొన్ని పోతే, ఉన్నవి చూసి పోయినవి కనిపెట్టుకుంటుంది. మరీ ఎక్కువ పోతే మాత్రం దానివల్ల కాదు."

"ఇది మీ లెక్కేనాండీ?"

"నాకంటే ముందువాళ్ళది. ఆ వలలో నాది ఒక ముడి."

కంప్యూటర్లో పెడితే సీడీ తిరిగింది. రేవు కనపడింది, మావాళ్ళు, పూలు కట్టిన పడవ. మా ఆయన చెయ్యెత్తారు. "పెళ్ళివారొచ్చారూ..." అదే గొంతండి. అంతలోనే బొమ్మ గళ్ళుగళ్ళుగా విరిగిపోయింది. రెండో కేక రాలేదు. నేను కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"పెళ్ళివారొచ్చారూ..."

మూడోది. నిండుగా, గట్టు దాటేంత.

మేష్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మా లెక్క చేతులెత్తేసిన చోట మీ ఆయన లెక్క నిలబడిందమ్మా" అన్నారు.

ఇంక నాకు రాయడం రాదండి. ఎక్కడైనా అక్షరం జారిపోతే, పక్కనున్నవాటిని చూసి మీరే కలుపుకోండి. తప్పులు మన్నించండి. మన్నించండి. మన్నించండి.