పది కిలోమీటర్లలో పదహారు మీటర్లు

ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి నీటి మీటర్లు చదివిన మనిషి లోకాన్ని ఒక పట్టాన నమ్మడు. మీటరు ముల్లును సూదితో ఆపిన పెద్దమనుషులను కళ్ళారా చూశాడాయె. ఉద్యోగం అయిపోయాక ఆయన రోడ్డు పరుగు పందేలకు దారి కొలిచే పనిలో చేరాడు. ప్రతిదానికీ "మరోసారి చూద్దాం" అంటాడు కనుక పందేలవాళ్ళు ఆయనకు మరోసారిగారు అని పేరు పెట్టారు. ఆ పేరంటే ఆయనకు లోలోపల గర్వమే.

కొలత సైకిలుతోనే. ముందు చక్రానికి తిరుగుళ్ళు లెక్కపెట్టే చిన్న మీటరు ఉంటుంది. టేపుతో కొలిచి పెట్టుకున్న మూడొందల మీటర్ల రోడ్డు ముక్క మీద ముందు తొక్కి, అంకె రాసుకోవాలి. దారంతా కొలిచాక వచ్చి అదే ముక్క మీద మళ్ళీ తొక్కాలి. మధ్యలో టైరు గాలి తగ్గితే చక్రం ఎక్కువసార్లు తిరుగుతుంది, దారి పూర్తికాకుండానే అంకె పూర్తవుతుంది. రెండోసారి తొక్కితే ఆ సంగతి బయటపడుతుంది.

ఆ ఏడు ఆయన దారి కొలిచిన పది కిలోమీటర్ల పందెం ఆయన చెల్లెలి కూతురే గెలిచింది. ఆసుపత్రిలో వార్డులకు దుప్పట్లు సర్దే ఉద్యోగం ఆమెది. పాత రికార్డు కంటే తొమ్మిది సెకన్ల ముందే వచ్చేసింది. రికార్డు ఖాయమైతే జాతీయ జట్టు నుంచి పిలుపొస్తుంది. కాకపోతే ముప్ఫై ఒకటో ఏట ఇంకెవరూ పిలవరు.

పరుగుల సంఘం కార్యదర్శి, దారి కొలత సరిగ్గా ఉందని రాసిన కాగితం పట్టుకొచ్చాడు. "మీ సంతకం ఒక్కటే తక్కువండీ. మేనకోడలే కదా, పెట్టెయ్యండి."

ఆయనకు చుర్రుమంది. మేనకోడలే కదా అంటే ఏమిటట? ఇంత తొందరెందుకట?

ఇక మొదలుపెట్టాడు. మలుపుల దగ్గర కాపలా ఉన్నవాళ్ళను ఒక్కొక్కరినే పిలిచి అడిగాడు. ఫొటోలన్నీ తెప్పించి, ఆ పిల్ల ఎక్కడైనా కాలిబాట ఎక్కి అడ్డంగా పరిగెత్తిందేమోనని భూతద్దం పెట్టి చూశాడు. చివరికి చెల్లెలింటికి వెళ్ళి మేనకోడలి బూట్లు తిరగేసి, లోపల స్ప్రింగులేమైనా దాచారేమోనని అట్ట పీకాడు.

"అన్నయ్యా, నీకేమైనా బుద్ధుందా? కన్నకూతురులాంటిది!" అని చెల్లెలు విరుచుకుపడింది.

"చూడనీ అమ్మా. చూస్తే గానీ మావయ్యకి అన్నం సయించదు" అంది ఆ పిల్ల నవ్వుతూ.

బూట్లలో ఏమీ లేదు. మర్నాడు తెల్లారుతూనే సైకిలు తీసి, దారి మొత్తం కొలిచాడు. పదహారు మీటర్లు తక్కువ! దొరికింది దొంగతనం అనుకున్నాడు. చివరి గీత దగ్గర తాను కొట్టిన మేకును ఎవరో కదిపి ఉంటారని పరుగున వెళ్ళాడు. మేకు ఉన్నచోటే ఉంది, చుట్టూ తాను వేసిన ఎర్రరంగు చెక్కుచెదరలేదు.

ఇంటికొచ్చి, పందేనికి ముందు దారి కొలిచిననాటి లెక్కల పుస్తకం తీశాడు. కొలత మొదలెట్టే ముందు తొక్కిన అంకె ఉంది. రెండో అంకె రాయాల్సిన గడి ఖాళీగా ఉంది.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు కొలత ముగిసే వేళకు రోడ్డు ఊడ్చేవాడొకడు సైకిలు పక్కన నిలబడి కనిపించాడు. మీటరు ముట్టుకున్నాడని ఆయన వాడి వెంటపడి గంటసేపు నిలదీశాడు. ఆ గొడవలో రెండోసారి తొక్కడం మరిచిపోయాడు. మర్నాడు టైరులో గాలి లేకపోతే పక్కింటివాళ్ళే తీసేశారని వాళ్ళతోనూ దెబ్బలాడాడు. టైరుకు సన్నటి చిల్లు పడిందని అతుకువేసినవాడు చెప్పినా చెవిన పెట్టలేదు.

ఆ గడిలో ఏదో ఒక అంకె వేసేస్తే అడిగేవాడు లేడు. పెన్ను తీశాడు కూడా. తనమీద తనకే అసహ్యం వేసి మూత పెట్టేశాడు.

ఆసుపత్రికి వెళ్ళేసరికి ఆమె దుప్పట్లు మడతపెడుతోంది. ఆయన నిలబడే అంతా చెప్పాడు.

"పదహారు మీటర్లు నాకెంతసేపు మావయ్యా?"

"మూడు సెకన్లు."

"నేను ముందొచ్చింది తొమ్మిది."

"అయినా దారి తక్కువైతే రికార్డు చెల్లదమ్మా."

ఆమె చేతిలో దుప్పటి సగం మడతలోనే ఆగిపోయింది. "నా బూట్లు పీకావు, నవ్వి ఊరుకున్నాను. ఊళ్ళో అందరినీ అనుమానించావు. నీమీద నీకు ఒక్కసారైనా అనుమానం రాలేదా మావయ్యా?"

"నేను కొలిచిందే కదా అనుకున్నాను" అన్నాడాయన.

సంఘానికి ఉత్తరం అక్కడే కిటికీ గట్టు మీద పెట్టి రాశాడు. పరుగెత్తిన మనిషిది తప్పు లేదనీ, కొలిచిన మనిషి రెండోసారి తొక్కలేదనీ రాశాడు. ఆమె తీసుకుని మొత్తం చదివింది.

"సంతకం పెట్టు" అంది.

పెట్టాడు. అప్పటిదాకా ఆపుకున్న పిల్ల దుప్పట్లో మొహం దాచుకుని ఏడ్చేసింది. ఆయన భుజం మీద చెయ్యి వెయ్యబోతే పక్కకు జరిగింది.